1147 నెంబరు పట్టీ

ఆ మొద్దును కాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా. పచ్చిది, పొగ పెడుతోంది. మీ నాయనమ్మ లేచి కాఫీ పెట్టేలోగా ఇంకో గంట టైముంది. చెల్లిని కూడా ఇటు జరగమను, ఆ పక్క గాలి కొడుతోంది.

రాత్రి అన్నాల దగ్గర నువ్వొక మాటన్నావు. పడుకున్నా అది నన్ను వదల్లేదు. "మా యాప్ మీద రెండోసారి నొక్కినా రెండో కాపీ తెరుచుకోదు తాతయ్యా, దానికి ఒక్క లైను చాలు" అన్నావు. నిజమే, ఇప్పుడు ఒక్క లైనే. కానీ నాకు ఆ లైను వెనక ఒక మిర్చి సీజను మొత్తం ఉంది. ఒక రైతు ముందు తలొంచుకుని నిలబడిన సాయంత్రం ఉంది. భోగి మంట ఆరేలోగా అది చెప్పేస్తాను.

1998 మార్చి. గుంటూరు మిర్చి యార్డు మంచి ఊపు మీదుంది. ఆ నెలల్లో యార్డు గేటు దాటితే కళ్ళు మండుతాయి, ముక్కు కారుతుంది, అయినా ఎవరూ ఆగరు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటాయి, కాటాలు పడుతుంటాయి. ఒక కమీషను కొట్టుకు నేను లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. విజువల్ బేసిక్ 5లో రాశాను, విండోస్ 95 మీద నడిచేది. కొట్టులో ఉన్నది 486 కంప్యూటరు, 8 ఎంబీ మెమరీ. పక్కనే ఒక డాట్ మేట్రిక్స్ ప్రింటరు. రైతు పేరు, ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఏం ధర, హమాలీ ఎంత పోయింది, కమీషను ఎంత పోయింది, చేతికెంత వస్తుంది... ఇవన్నీ కొడితే తక్‌పట్టీ అచ్చయి బయటికొచ్చేది. అంతకుముందు గుమస్తా గారు రాత్రి పదింటిదాకా కూర్చుని చేత్తో రాసేవారు. ఆయనకి నా ప్రోగ్రాం అంటే ఎంత సంతోషమో.

ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందంటే, ప్రోగ్రాం తెరిచే ఉంది. గుమస్తా గారు భోజనానికి వెళ్ళారు. షావుకారు గారి అబ్బాయి వచ్చి దాన్ని కిందికి దించి, పేకాట ఆడుకుని, వెళ్ళిపోయాడు. గుమస్తా గారు తిరిగొచ్చి చూస్తే తెర మీద ప్రోగ్రాం లేదు. ఆయన మామూలుగా బొమ్మ మీద రెండు నొక్కులు నొక్కారు. తెరుచుకుంది. అచ్చం పొద్దున తెరిచినట్టే ఉంది. ఒక రైతుకి పట్టీ కొట్టారు, నెంబరు 1147. కాసేపటికి ఏదో పనిలో తెర కింది పట్టీ (టాస్క్‌బారు) మీద నొక్కారు, ఈసారి పైకొచ్చింది పొద్దుటి కాపీ. రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? ఇంకో రైతుకి పట్టీ కొట్టారు. దానికీ 1147 పడింది.

తప్పు నాది. ప్రోగ్రాం తెరిచినప్పుడు ఒక్కసారే ఆఖరి నెంబరు ఫైలులోంచి చదివి మనసులో పెట్టుకునేది. పొద్దుటి కాపీ మనసులో 1146 ఉంది. మధ్యాహ్నం తెరిచిన కాపీ మనసులోనూ 1146 ఉంది. ఒకటి 1147 కొట్టిన సంగతి ఇంకొకదానికి తెలియదు. పైగా నేను నెంబరునే ఫైలులో గడి నెంబరుగా పెట్టాను. 1147వ పట్టీ అంటే 1147వ గడి. దాంతో రెండో రైతు లెక్క మొదటి రైతు లెక్క మీద కూర్చుంది. మొదటి రైతు లెక్క కంప్యూటరులో ఇక లేదు.

సాయంత్రం డబ్బు కోసం ఆయన వచ్చాడు. 31 టిక్కీలు తెచ్చిన మనిషి. తెర మీద చూస్తే ఆయన పేరే లేదు, వేరేవాళ్ళ పేరూ వేరే లెక్కా ఉన్నాయి. "నా సరుకు దిగింది, తూకం పడింది, కాయితం చేతిలో ఉంది, మీ పెట్టెలో నేను లేనంటే ఎట్టా అయ్యా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. ఏడాది కష్టం మీద, ఎవరో టౌను వాడు రాసిన ప్రోగ్రాం కూర్చుని తుడిచేసింది. ఆయన దగ్గర కాయితం ఉంది కాబట్టి సరిపోయింది. షావుకారు గారు ఆ పట్టీ చూసి పైసా తేడా లేకుండా డబ్బు ఇచ్చేశారు. నేను ఆఫీసు కాపీ మీద ఎర్ర సిరాతో "1147-ఎ" అని రాసి, ఆ రాత్రి ఇంటికెళ్ళి అన్నం ముట్టుకోలేదు. మీ నాయనమ్మని అడుగు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నాకు ఈ విద్య 1992, 93లలో హైదరాబాదులో అబ్బింది. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళు కదా, చార్లెస్ పెట్‌జోల్డ్ రాసిన విండోస్ ప్రోగ్రామింగ్ పుస్తకం అక్కడే దొరికింది. అప్పటి విండోస్ 3.1లో ప్రతి ప్రోగ్రాం మొదలయ్యే చోట విండోస్ నాలుగు సంగతులు చేతిలో పెట్టేది. అందులో రెండోది 'హెచ్ ప్రెవ్ ఇన్‌స్టెన్స్'. అంటే నీకంటే ముందు ఇదే ప్రోగ్రాం ఇంకో కాపీ నడుస్తోందా, నడుస్తుంటే అదెవరు అన్నది. సున్నా అయితే నువ్వే మొదటివాడివి. సున్నా కాకపోతే నీకు అన్న ఉన్నాడు. అప్పట్లో ప్రోగ్రాములన్నీ ఒకే మెమరీలో, ఉమ్మడి ఇంట్లో ఉన్నట్టు ఉండేవి. అన్న గదిలోకి వెళ్ళి కావలసింది తెచ్చుకోవడానికి 'గెట్ ఇన్‌స్టెన్స్ డేటా' అని ఒక పిలుపు కూడా ఉండేది. అయితే ఉమ్మడి ఇంట్లో ఒకడు పొయ్యి తగలబెడితే ఇల్లంతా అంటుకుంటుంది. ఒక ప్రోగ్రాం పాడైతే మొత్తం విండోసే పడిపోయేది.

అందుకే 1993లో విండోస్ ఎన్‌టీ, 1995లో విండోస్ 95 వచ్చేసరికి ఇళ్ళు వేరు పెట్టారు. ఎవరి గోడలు వాళ్ళవి. మంచి పనే. కానీ ఆ వేరు పడటంలో ఆ రెండో సంగతి సున్నా అయిపోయింది. ముందు కాపీ ఉన్నా సున్నాయే, లేకపోయినా సున్నాయే. పాత ప్రోగ్రాములు చెడకూడదని ఆ చోటు మాత్రం తియ్యలేదు. ఇవాళ్టికీ ఉంది, ఇవాళ్టికీ సున్నాయే. ప్రతి కాపీ తనే మొదటివాణ్ణనుకుంటుంది. నా రెండు కాపీలూ అలాగే అనుకున్నాయి.

ఆ రాత్రి నేను చేసిన మొదటి మరమ్మతు చాలా తేలిక. విజువల్ బేసిక్‌లో 'యాప్ డాట్ ప్రెవ్ ఇన్‌స్టెన్స్' అని ఉంది, అడిగితే ముందు కాపీ ఉందో లేదో చెబుతుంది. ఉంటే "ఈ ప్రోగ్రాం ఇప్పటికే నడుస్తోంది" అని ఒక మాట చూపించి రెండోది మూసుకుపోయేట్టు రాశాను. నెంబరు కూడా ప్రతి పట్టీకి ఫైలులోంచి తాజాగా చదివేట్టు మార్చాను. పని అయిందనుకున్నాను.

మర్నాడు పదకొండింటికి ఫోను. "మేష్టారూ, నడుస్తోందంటుంది, ఎక్కడ నడుస్తోందో చెప్పదు. తెర మీద లేదు. ఏం చెయ్యమంటారు?" అన్నారు గుమస్తా గారు. నేను చెప్పేలోగానే ఆయన కంప్యూటరు ఆపి మళ్ళీ వేశారు. అంత పనిలో ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన నొక్కింది ప్రోగ్రాం కోసం. దొరికింది ఒక సమాధానం మాత్రమే.

సరే, పాత కాపీని పైకి తేవాలి. దానికి 'ఫైండ్ విండో' అని ఒక పిలుపు ఉంది. ఫలానా పేరున్న కిటికీ ఎక్కడుందో వెతికిపెడుతుంది. నా ప్రోగ్రాం పేరు పెట్టి వెతికించాను. కొట్టులో కంప్యూటరు మీద అదే పేరుతో ఒక ఫోల్డరు కూడా ఉంది. అది తెరిచి ఉన్నప్పుడు దాని కిటికీ పేరూ అదే. నా ప్రోగ్రాం వెళ్ళి ఆ ఫోల్డరుని పైకి తెచ్చి నిలబెట్టేది! పేరొక్కటే చూస్తే చాలదు, ఇంటిపేరు కూడా చూడాలని అప్పుడు తెలిసింది. కిటికీకి జాతి అనేది ఒకటి ఉంటుంది, క్లాసు అంటారు. విజువల్ బేసిక్ 5లో కట్టిన ఫారాలకి 'థండర్ ఆర్‌టీ 5 ఫారం' అని ఉండేది. విజువల్ బేసిక్ తయారయ్యేటప్పుడు దాని లోపలి పేరు థండర్, ఆ ముద్ర అలా మిగిలిపోయింది.

ఇంతలో అసలు సమస్య ఇంకోటి బయటపడింది. చిన్నోడా, నేను నీకు చెప్పాలనుకున్నది ఇదే, బాగా విను. కోల్డ్ స్టోరేజీ నుంచి ఫ్లాపీలో రైతుల సరుకు జాబితా వచ్చేది. గుమస్తా గారు ఆ ఫైలు మీద రెండు నొక్కులు నొక్కేవారు. నొక్కితే విండోస్ ఏం చేస్తుంది? నా ప్రోగ్రాం కొత్త కాపీ ఒకటి లేపి, "ఇదిగో ఈ ఫైలు తెరువు" అని దాని చేతిలో పేరు పెడుతుంది. ఆ కొత్త కాపీ లేచీ లేవగానే, అన్న ఉన్నాడని చూసి చచ్చిపోతుంది. చేతిలో ఉన్న ఫైలు పేరు? దాంతోపాటే పోతుంది. గుమస్తా గారికి పాత కాపీ పైకొచ్చి కనబడుతుంది, కానీ జాబితా తెరుచుకోదు. ఆయన మళ్ళీ నొక్కుతారు. మళ్ళీ అంతే.

అంటే రెండో కాపీ లేవకుండా ఆపడం సగం పనే. అది ఒక కబురు పట్టుకొచ్చిన మనిషి. ఆ కబురు అన్నకి అందించకుండా దాన్ని గుమ్మంలోనే పంపించేస్తే, పంపినవాడికి చేసిన అన్యాయం అది.

కబురు ఎలా అందించాలి? మొదట డీడీఈ పట్టుకున్నాను. విండోస్‌లో అది బాగా పాతది, 1987 నుంచీ ఉంది. దాని పద్ధతి మన దండోరా లాంటిది. "ఫలానా పేరు గలవాళ్ళు, ఫలానా సంగతి మాట్లాడేవాళ్ళు ఉన్నారా?" అని తెర మీదున్న ప్రతి కిటికీ దగ్గరికీ వెళ్ళి అడుగుతుంది. ఎవరైనా "ఉన్నాను" అంటే సంభాషణ మొదలు. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు ఇంకేదో ప్రోగ్రాం కొయ్యబారిపోయి ఉంది. దండోరా దాని గుమ్మం దగ్గరికి వెళ్ళి, అది పలికేదాకా నిలబడిపోయింది. దానికీ మాకూ ఏ సంబంధమూ లేదు, అయినా మా కబురు అక్కడే ఆగింది. వాడకట్టులో ఒక్కరు తలుపు తియ్యకపోతే దండోరా వేసేవాడు ఊరంతా తిరగడం మానేసినట్టు.

అప్పుడు పట్టుకున్నది డబ్ల్యూఎం కాపీడేటా. దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను.

మన ఇంటి నెంబరు 4-12. నువ్వు పక్క ఊరు వెళ్ళి "4-12లో డబ్బా ఉంది, తెచ్చుకోండి" అంటే వాళ్ళు వాళ్ళ ఊరి 4-12కి వెళతారు. అక్కడ ఎవరో ఉంటారు, లేదా ఖాళీ స్థలం ఉంటుంది. మెమరీలో చిరునామా కూడా అంతే. ఒక కాపీ చిరునామా ఇంకో కాపీకి పనికిరాదు. కాబట్టి చిరునామా పంపకూడదు, డబ్బానే పంపాలి. డబ్ల్యూఎం కాపీడేటా చేసేది అదే. మూడు సంగతులు ఇస్తాం: ఇది ఏ రకం కబురు, ఎన్ని బైట్లు, ఎక్కడుంది. విండోస్ ఆ బైట్లను నకలు తీసి అవతలి ఇంట్లో పెడుతుంది. అవతలివాడు పలికి తిరిగొచ్చేదాకానే ఆ నకలు ఉంటుంది. అందుకని వచ్చిన వెంటనే తన సొంత పుస్తకంలో ఎక్కించుకోవాలి, తర్వాత చూద్దామంటే అక్కడేమీ ఉండదు.

విజువల్ బేసిక్ 5లో కొత్తగా 'అడ్రస్ ఆఫ్' అని వచ్చింది కాబట్టి ఆ కబురు అందుకోవడం సాధ్యమైంది. కిటికీకి వచ్చే మాటలన్నీ ముందు మన దగ్గరికి వచ్చేట్టు మలుపుకోవాలి. ఆ మలుపు వేసి ఉండగా పొరపాటున మధ్యలో ఆపితే విజువల్ బేసిక్ మొత్తం మాయమైపోయేది, దాచుకోని కోడుతో సహా. ఒక రాత్రి రాసిందంతా అలా పోగొట్టుకున్నాను. తెల్లారి మళ్ళీ రాశాను. రెండోసారి రాసింది మొదటిదానికంటే బాగుంది.

తెల్లారగట్ల నాలుగింటికి, ఇదే వేళకి, ఫైలు మీద నొక్కాను. కొత్త కాపీ లేచింది, అన్నని వెతికింది, ఫైలు పేరు చేతిలో పెట్టింది, వెళ్ళిపోయింది. పాత కాపీలో జాబితా తెరుచుకుంది. మీ నాయనమ్మని లేపి చూపించాను. ఆవిడకి తెర మీద ఒక జాబితా తప్ప ఏం కనబడుతుంది! అయినా "బాగుంది" అంది.

దాని మీద చిన్న చిన్న చిక్కులు ఇంకా వచ్చాయి. ఒకటి చెబుతాను, అది నీకు కావాలి. చూసి తాళం వెయ్యడం వేరు, తాళం వేస్తూనే చూడటం వేరు. ఆత్రంగా నాలుగు నొక్కులు నొక్కితే రెండు కాపీలు ఒకే క్షణంలో లేస్తాయి. రెండూ "అన్న ఉన్నాడా?" అని చూస్తాయి. రెంటికీ ఎవరూ కనబడరు. రెండూ నిలబడిపోతాయి. దీనికి మందు మ్యూటెక్స్. దానికి ఒక పేరు పెట్టి సృష్టించమని అడుగుతాం. ముందే ఎవరైనా ఆ పేరుతో సృష్టించి ఉంటే విండోస్ 183 అనే నెంబరు చూపిస్తుంది. అడగడం, తీసుకోవడం ఒకే దెబ్బలో అయిపోతాయి, మధ్యలో ఇంకొకడు దూరే సందు ఉండదు. ఆ 183ని కూడా విజువల్ బేసిక్‌లో సరైన చోట చదవాలి, 'ఎర్ డాట్ లాస్ట్ డీఎల్ఎల్ ఎర్రర్'లో. వేరే దారిన అడిగితే మధ్యలో విజువల్ బేసిక్ సొంత పనులు దాన్ని చెరిపేసే ప్రమాదం ఉంది.

మ్యూటెక్స్‌లో ఇంకో గొప్ప సుగుణం ఉంది. దాన్ని పట్టుకున్న ప్రోగ్రాం పోతే అదీ పోతుంది, కరెంటు పోయినా, మధ్యలో చంపేసినా. హైదరాబాదులో నాతో పనిచేసిన ఒకాయన యూనిక్స్ మీద తాళం ఫైలు పెట్టేవాడు. ప్రోగ్రాం మొదలైతే ఒక చిన్న ఫైలు పుట్టిస్తాడు, ముగిస్తే చెరిపేస్తాడు. ఫైలు ఉంటే ఎవరో నడుస్తున్నట్టు. మనకి కరెంటు సంగతి తెలుసు కదా. ఠప్పున పోతుంది. ప్రోగ్రాం చచ్చింది, ఫైలు మాత్రం డిస్కు మీద మిగిలింది. పొద్దున ఆఫీసుకొచ్చి తెరిస్తే "ఎవరో నడుస్తున్నారు" అంటుంది. ఎవరూ లేరు. అందుకే ఆ ఫైలులో నడుస్తున్నవాడి నెంబరు రాసిపెట్టి, ఆ నెంబరువాడు బతికున్నాడో లేదో చూడాలి. అదీ పూర్తి మందు కాదు, ఆ నెంబరు ఇంకొకరికి ఇచ్చి ఉండవచ్చు.

ఇంకో చిక్కు. 486 మీద పొద్దుటి కాపీ మ్యూటెక్స్ పట్టుకున్నా, కిటికీ తెరుచుకోవడానికి చాలా సెకన్లు పట్టేది. ఆ లోపు వచ్చిన రెండోది "అన్న ఉన్నాడు" అని తెలుసుకుంటుంది, కానీ కబురు అందించడానికి గుమ్మం ఇంకా తెరవలేదు. కాబట్టి తమ్ముడు ఓపిక పట్టాలి. పావు సెకనుకోసారి చూసి, 10 సెకన్లదాకా ఆగేట్టు రాశాను. అన్న కొయ్యబారిపోయి ఉంటే తమ్ముడూ అక్కడే కొయ్యబారకుండా, 5 సెకన్లు చూసి ఆ మాట మనిషికి చెప్పేట్టు రాశాను.

2001లో ఎక్స్‌పీ వచ్చాక ఒకే కంప్యూటరులో షావుకారు గారూ గుమస్తా గారూ విడివిడిగా లోపలికి వచ్చి, ఒకరిది మూయకుండానే ఇంకొకరు పనిచేసుకునే వీలొచ్చింది. అప్పుడు మ్యూటెక్స్ పేరు ముందు 'లోకల్' అని పెడితే ఒక్కో మనిషికి ఒక్కో కాపీ, 'గ్లోబల్' అని పెడితే కంప్యూటరు మొత్తానికి ఒకటే. ఏది కావాలన్నది ప్రోగ్రాం రాసేవాడు ఆలోచించాలి. మాకు నెంబర్ల పుస్తకం ఒకటే, కాబట్టి గ్లోబల్ పెట్టాను. విస్టా వచ్చాక, అడ్మినిస్ట్రేటరుగా తెరిచిన కాపీ మామూలు కాపీ తెచ్చిన కబురు తీసుకోవడం మానేసింది. తీసుకోమని విడిగా చెప్పాల్సి వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఇంకోటుంది. విండోస్ 98 నాటి నుంచి, వెనక ఉన్న ప్రోగ్రాం తనంతట తాను ముందుకు దూకి వచ్చే వీలు తీసేశారు. మనం టైపు చేస్తుంటే మధ్యలో ఇంకోటి వచ్చి పడకుండా. దాంతో కబురు అందుకున్న పాత కాపీ ముందుకు రాలేక, కింద పట్టీలో మెరుస్తూ ఉండిపోయేది. మరి ముందుకొచ్చే హక్కు ఎవరికి ఉంది? మనిషి ఇప్పుడే నొక్కి లేపిన కొత్త కాపీకి. 'అలో సెట్ ఫోర్‌గ్రౌండ్ విండో' అనే పిలుపుతో కొత్త కాపీ ఆ హక్కుని పాత కాపీకి రాసిచ్చేయగలదు. సెకనులో పదో వంతు కూడా బతకని ప్రాణి అది. వచ్చింది, కబురు చెప్పింది, తనకున్న ఒక్క హక్కూ అన్నకి ఇచ్చి పోయింది. నేను ఆ మూడు లైన్లు రాసిన ప్రతిసారీ నాకు గుండె నిండినట్టుండేది. ఇప్పుడు చెబుతున్నా అలాగే ఉంది.

ఇక నీ సంగతి. నువ్వు రాసేది ఎలక్ట్రాన్‌లో కదూ. 'రిక్వెస్ట్ సింగిల్ ఇన్‌స్టెన్స్ లాక్' అని నువ్వు రాసే ఆ ఒక్క లైను కింద ఏముందో నేను చదివాను. దాని కింద ఉన్నది క్రోమియం. విండోస్ మీద అది చేసేది ఏమిటనుకున్నావు? కనబడని కిటికీ ఒకటి పెట్టుకుని, రెండో కాపీ నుంచి డబ్ల్యూఎం కాపీడేటాతోనే కబురు పంపుతుంది. లినక్స్ మీద తాళం లింకు ఒకటి పెట్టి, అందులో కంప్యూటరు పేరూ నడుస్తున్నవాడి నెంబరూ రాసి, ఒక సాకెట్ ద్వారా మాట్లాడుతుంది. మా నాటి బాటలే అవన్నీ. కబురులో ఫైలు పేరు ఒక్కటే కాదు, రెండో కాపీ ఏ ఫోల్డరులో నిలబడి పిలిచిందో కూడా పంపుతారు. అది మంచి ఆలోచన, నాకు అప్పట్లో తట్టలేదు. ఫైలు పేరు సగమే ఇచ్చినప్పుడు ఎక్కడి నుంచి ఇచ్చారో తెలియకపోతే దొరకదు.

ఆ లాక్‌కి జోడీగా 'సెకండ్ ఇన్‌స్టెన్స్' అని ఒక ఈవెంట్ ఉంటుంది. కబురు వచ్చి వాలేది అక్కడ. రాత్రి నిన్ను అడిగాను, "అది రాశావా?" అని. "ఇంకా లేదు తాతయ్యా, లాక్ పెట్టాను, చాలనుకున్నాను" అన్నావు. అంటే ఇప్పుడు నీ ప్రోగ్రాంలో రెండో కాపీ కబురు తెచ్చి, గుమ్మంలో చెప్పి పోతోంది, లోపల వినేవాడు లేడు. 1998 మార్చిలో నేను ఉన్నది సరిగ్గా అక్కడే.

అదిగో, కాఫీ వాసన వస్తోంది. తలంటు పోసుకుని, టిఫిను తిని, ఆ కంప్యూటరు తెచ్చి ఈ అరుగు మీద పెట్టు. నీ ప్రోగ్రాం తెరిచి కిందికి దించు. తర్వాత నేను ఏదో ఒక ఫైలు మీద రెండు నొక్కులు నొక్కుతాను. ఆ ఫైలు తెరుచుకునేదాకా నీ ప్రోగ్రాం ఎవరికీ ఇవ్వొద్దు.